నిధులు బయల్దేరాయి, బడికి చేరలేదు

1990ల మొదట్లో ఉగాండా ప్రభుత్వం ప్రాథమిక బడులకు తలకింత చొప్పున గ్రాంటు ఇచ్చేది. బడిలో ఎంతమంది పిల్లలుంటే అంత లెక్క. పుస్తకాలకు, సుద్దముక్కలకు, జీతాలు పోను మిగతా ఖర్చులకు ఆ డబ్బు. బడ్జెట్‌లో పద్దు ఉంది. ఖజానా నుంచి విడుదలైనట్టు రికార్డులున్నాయి. చదువు మీద ఖర్చు పెరుగుతోందనే ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. బడుల్లో మాత్రం ఆ పెరుగుదల జాడ లేదు. కారణం తెలుసుకోవడానికి పరిశీలకులు 250 బడులకు నేరుగా వెళ్లారు. 1991 నుంచి 1995 దాకా రాజధాని ఎంత పంపింది, బడి చేతికి ఎంత వచ్చింది అని రెండు వైపుల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూశారు. రాజధాని కంపాలా నుంచి బయల్దేరిన ప్రతి 100 షిల్లింగుల్లో బడికి చేరినవి సగటున 13. చాలా బడులకు ఒక్క షిల్లింగు కూడా అందలేదు. మిగిలినదంతా జిల్లా స్థాయిలోనే ఆగిపోయి వేరే ఖర్చులకు మళ్లింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్న సామెతకు ఇంతకన్నా కచ్చితమైన అంకె దొరకడం కష్టం.

ఈ లెక్క బయటపడ్డాక ప్రభుత్వం ఒక పని చేసింది. ఏ జిల్లాకు ఎంత పంపిందో పత్రికల్లో వేయించింది. తమకు ఎంత వచ్చిందో బడి గోడ మీద నోటీసు అంటించాలని ఆదేశించింది. 2001 నాటికి బడికి చేరే వాటా 80 శాతం దాకా పెరిగింది. ఈ ఉదంతాన్ని చాలాకాలం పారదర్శకత సాధించిన విజయంగానే చెప్పుకున్నారు. అందులో నిజముంది కానీ, పూర్తి నిజం లేదు. అదే కాలంలో, 1997లో, ఉచిత ప్రాథమిక విద్య మొదలై బడి పిల్లల సంఖ్య 30 లక్షల స్థాయి నుంచి 50 లక్షలు దాటింది. నిధుల మీద ఆర్థిక శాఖ పట్టు కూడా బిగిసింది. నోటీసు పనిచేయాలంటే దాన్ని చదివి నిలదీసే తల్లిదండ్రులు ఉండాలి, అడిగితే జవాబు చెప్పక తప్పని అధికారి ఉండాలి. ఆ రెండూ లేని చోట నోటీసు గోడ మీది కాగితమే.

వర్ధమాన దేశాల అభివృద్ధి మీద దశాబ్దాలుగా సాగుతున్న చర్చ ఎక్కువగా ఏ విధానం మంచిదన్న దాని చుట్టూనే తిరుగుతోంది. మార్కెట్లను తెరవాలా, పరిశ్రమలను కాపాడుకోవాలా? సబ్సిడీ ఇవ్వాలా, నగదు ఇవ్వాలా? అడగాల్సిన ప్రశ్నలే. అయితే విధానం ఎంత మంచిదైనా దాన్ని ఊరిదాకా మోసుకెళ్లే చేతులు కావాలి. టీచరు, నర్సు, పన్నుల గుమస్తా, జనాభా లెక్కలు రాసుకునే మనిషి, జిల్లా కార్యాలయంలో పద్దులు చూసే మనిషి కావాలి. పేద దేశానికీ కలిగిన దేశానికీ మధ్య అసలు తేడా ఎక్కువగా ఈ చేతుల్లోనే ఉంది. ఖజానా ఇబ్బందుల్లో పడినప్పుడు మొదట కోతపడేవీ ఈ చేతులే. ఈ రెండో విషయం మీద దృష్టి పెట్టాల్సినంతగా పెట్టడం లేదు.

కుర్చీ ఉంది, మనిషి లేడు

2000ల మొదట్లో బంగ్లాదేశ్, ఈక్వెడార్, భారత్, ఇండొనేషియా, పెరూ, ఉగాండా దేశాల్లో చెప్పాపెట్టకుండా బడులకు, ఆరోగ్య కేంద్రాలకు వెళ్లి ఎవరున్నారో, ఎవరు లేరో రాసుకున్నారు. సగటున 19 శాతం మంది టీచర్లు, 35 శాతం మంది ఆరోగ్య సిబ్బంది ఆ రోజు పనిలో లేరు. జీతం పడుతోంది, కుర్చీ ఖాళీగా ఉంది. వాళ్లందరినీ సోమరులని కొట్టిపారేయడం తేలిక, కానీ దానివల్ల ఒరిగేదేమీ లేదు. మందులు రాని ఆరోగ్య కేంద్రంలో నర్సు కూర్చుని చేసేదేమిటి? ఎన్నికల పనికో, సర్వేకో పంపిన టీచరు గైర్హాజరు ఎవరి ఖాతాలో వేయాలి? వచ్చినా రాకపోయినా ఒకే జీతం, ఒకే పదోన్నతి ఉన్నచోట రోజూ వచ్చేవాళ్లు తమ మనస్సాక్షి కోసం వస్తున్నారు. వ్యవస్థ మొత్తాన్ని మనస్సాక్షి మీద నడపడం ఏ దేశానికీ సాధ్యం కాలేదు.

దీనికి తోడు మరో చిక్కు ఉంది. బయటి నుంచి సాయం అందాలంటే ప్రభుత్వం సంస్కరణ చేసినట్టు కనిపించాలి. కొత్త చట్టం, అవినీతి నిరోధక కమిషన్, ప్రభుత్వ కొనుగోళ్ల నియమావళి, మూడేళ్ల ఖర్చుల ప్రణాళిక అన్నీ వస్తాయి. ఇంకో దేశంలో పనిచేస్తున్న సంస్థ రూపాన్ని తెచ్చి ఇక్కడ నిలబెడతారు. అభివృద్ధి ఆర్థికవేత్త లాంట్ ప్రిట్చెట్, ఆయన సహచరులు దీనికి ప్రకృతి నుంచే పోలిక తెచ్చారు. కొన్ని జీవులు ప్రమాదకరమైన జీవుల వేషం వేసి బతుకుతాయి. కందిరీగ చారలున్న ఈగకు కుట్టే ముల్లు ఉండదు, చారలు చూసి శత్రువు దూరంగా పోతే చాలు. సంస్థకు బోర్డు, భవనం, చైర్మన్ ఉండి దర్యాప్తు చేసే అధికారం లేకపోతే అది అలాంటిదే. ఈ వేషం వల్ల నిధులు వస్తాయి కాబట్టి వేషం తీసేయాల్సిన అవసరం ఎవరికీ కలగదు. సంస్కరణ జరిగిందని నివేదిక రాసేవారికి, రాయించుకునేవారికి ఇద్దరికీ పని అయిపోతుంది. మిగిలిపోయేది ఆ సంస్థ దగ్గరికి ఫిర్యాదు పట్టుకుని వెళ్లిన మనిషి.

చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం

ఇలా కాకుండా చివరి మెట్టు నుంచి మొదలుపెట్టిన ప్రయత్నం ఒకటి బంగ్లాదేశ్‌లో జరిగింది. అతిసారంతో పిల్లలు పిట్టల్లా రాలిపోతున్న కాలం అది. శరీరంలో నీరు ఇంకిపోకుండా ఉప్పు, తీపి కలిపిన నీళ్లు తాగిస్తే బిడ్డ బతుకుతుందని వైద్యులకు అప్పటికే తెలుసు. ప్యాకెట్లు తయారుచేసి ప్రతి ఊరికీ చేర్చేంత యంత్రాంగం ప్రభుత్వానికి లేదు. అందుకని బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980లో ఇంకో దారి పట్టింది. ప్యాకెట్ పంపే బదులు, ఆ నీళ్లు కలపడం ప్రతి తల్లికీ నేర్పాలనుకుంది. మూడు వేళ్లతో తీసిన చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర్ధ సేరు నీళ్లు. కొలత చేతిలోనే ఉంది, సరుకు వంటింట్లోనే ఉంది.

మహిళా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, తల్లి పక్కన కూర్చుని, ఆమె చేతనే కలిపించేవారు. గుర్తుపెట్టుకోవాల్సిన విషయాలు కొన్నే ఉండేవి. ఆ కార్యక్రమంలో అందరూ నేర్చుకోదగ్గది జీతం లెక్క. కార్యకర్త ఎన్ని ఇళ్లు తిరిగిందన్నది కాదు కొలమానం. కొన్ని వారాల తర్వాత వేరే మనిషి వచ్చి, నేర్చుకున్న ఇళ్లలో కొన్నింటిని ఎంచుకుని, ఆ తల్లికి ఏం గుర్తుందో అడిగేవాడు, నీళ్లు కలిపి చూపించమనేవాడు. తల్లికి ఎంత బాగా వస్తే కార్యకర్తకు అంత ఎక్కువ డబ్బు. రిజిస్టరు నింపడంతో పని పూర్తికాదు. తల్లి నేర్చుకున్నప్పుడే పని పూర్తవుతుంది.

అయినా మొదట్లో ఒక సమస్య ఎదురైంది. తల్లులకు కలపడం వచ్చింది, కానీ జబ్బు చేసినప్పుడు చాలామంది వాడలేదు. ఎందుకని ఆరా తీస్తే, నేర్పిన కార్యకర్తల్లోనే కొందరికి దాని మీద నమ్మకం లేదని తేలింది. తమకు విరేచనాలు పట్టుకుంటే వాళ్లే మందుబిళ్ల వెతుక్కునేవారు. ఇంట్లో మగవాళ్లకు విషయం చెప్పకపోవడం మరో లోపం. కార్యకర్తలను ఢాకాలోని అతిసార పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లి, ఆ నీళ్లు ఎలా పనిచేస్తాయో చూపించారు. మసీదుల దగ్గర, బజార్లలో మగవాళ్లతో మాట్లాడారు. 1990 నాటికి 1 కోటి 20 లక్షలకు పైగా ఇళ్లకు ఈ పాఠం చేరింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ నీళ్ల వాడకంలో ప్రపంచంలోనే ముందున్న దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటైంది. తప్పు జరిగితే దాన్ని కనిపెట్టే మార్గం కార్యక్రమంలోనే ఉండటం, కనిపెట్టాక మార్చుకునే స్వేచ్ఛ ఉండటం, ఈ రెండే దాన్ని నిలబెట్టాయి.

బడి చదువు విషయంలో ఇలాంటి ఉదాహరణ బ్రెజిల్‌లో దొరుకుతుంది. సోబ్రాల్ ఆ దేశపు పేద ఈశాన్యంలోని సియెరా రాష్ట్రంలో ఉంది. జనాభా సుమారు 2 లక్షలు. 2000ల ఆరంభంలో చూస్తే చిన్న తరగతుల పిల్లల్లో దాదాపు సగం మందికి చదవడం రాదు. పిల్లలు బడికి వస్తున్నారు, పై తరగతికి వెళ్తున్నారు, అక్షరం మాత్రం అంటడం లేదు. నగర పాలకులు ముందు ఒక్కటే లక్ష్యం పెట్టుకున్నారు. నిర్ణీత వయసుకు ప్రతి బిడ్డా చదవగలగాలి. రాజకీయ నాయకుల సిఫారసుతో హెడ్మాస్టర్లను వేసే పద్ధతి ఆపి, అర్హత చూసి ఎంపిక చేశారు. బయటి వాళ్లు వచ్చి పిల్లల చేత విడివిడిగా చదివించి పరీక్షించేవారు. 2015 నాటికి దేశవ్యాప్త ప్రాథమిక విద్యా సూచీలో సోబ్రాల్ ముందు వరుసకు వచ్చింది. సియెరా రాష్ట్రం అంతకుముందే మరో అడుగు వేసింది. మున్సిపాలిటీలకు పంచే పన్ను వాటాలో ఒక భాగాన్ని పిల్లల చదువు ఫలితాలతో ముడిపెడుతూ 2007లో చట్టం చేసింది. మేయరుకు రోడ్డు వేయడం ఎంత ముఖ్యమో పిల్లవాడికి చదవడం రావడమూ అంతే ముఖ్యమైంది.

బడి కట్టడం తేలికన్న అర్థంలో ఈ మాట చెప్పడం లేదు. ఇండొనేషియా 1973 నుంచి 1978 మధ్య 61 వేలకు పైగా ప్రాథమిక బడులు కట్టింది. ఆ బడుల్లో చదివిన తరం ఎక్కువ ఏళ్లు చదివి, ఎక్కువ సంపాదించిందని తర్వాతి పరిశోధనలు నిరూపించాయి. కానీ బడి కట్టడం లెక్కకు అందే పని. చదువు రావడం అలా లెక్కకు అందదు. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం కోవిడ్‌కు ముందే తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లోని పదేళ్ల పిల్లల్లో 57 శాతం మంది ఒక సులభమైన పేరా చదివి అర్థం చేసుకోలేకపోయారు. కోవిడ్ తర్వాత అది 70 శాతానికి చేరిందని అంచనా. వీళ్లలో ఎక్కువ మంది బడి మెట్లు ఎక్కని వాళ్లు కారు, రోజూ బడికి వెళ్తున్న వాళ్లే.

జనాన్నే లెక్కపెట్టలేదు

ఏ పథకానికైనా మొదటి ప్రశ్న, ఎవరికి? కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్‌లో చివరి జనగణన 1984లో జరిగింది. నైజీరియాలో 2006లో జరిగింది. అప్పుడు పుట్టిన పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఆస్పత్రి ఎక్కడ కట్టాలి, టీకాలు ఎన్ని కొనాలి అన్నవన్నీ అంచనాల మీదే నడుస్తున్నాయి. దేశ ఆదాయపు లెక్కలూ ఇంతే. 2010 నవంబరులో ఘనా తన లెక్కల పద్ధతిని సవరించుకోగానే జీడీపీ 60 శాతం పెరిగింది. 2014 ఏప్రిల్‌లో నైజీరియా అదే పని చేస్తే 89 శాతం పెరిగి, ఆఫ్రికాలోనే అతి పెద్ద ఆర్థిక వ్యవస్థగా తేలింది. 1990 నాటి కొలతలతో లెక్కలు వేస్తుండటం వల్ల సెల్‌ఫోన్లు, సినిమా పరిశ్రమ లాంటివి అప్పటిదాకా సరిగా లెక్కలోకి రాలేదు. ఒక్క పూటలో ఎవరి బతుకూ మారలేదు. కానీ అప్పు నిష్పత్తి, పన్ను నిష్పత్తి, సాయానికి అర్హత, ఇవన్నీ ఆ అంకె మీదే నడుస్తాయి.

లెక్కలు లేనప్పుడు ఉన్నదాంతో సర్దుకోవడం ఎలాగో 2020లో పశ్చిమ ఆఫ్రికా దేశం టోగో చూపించింది. కోవిడ్ ఆంక్షలతో రాజధాని లోమేలో రోజుకూలీలకు, చిరువ్యాపారులకు పని పోయింది. పేదల జాబితా అంటూ ఏదీ లేదు. అయితే ఆ ఏడాది ఫిబ్రవరిలోనే అధ్యక్ష ఎన్నికలు జరిగాయి కాబట్టి ఓటర్ల జాబితా తాజాగా ఉంది, అందులో వృత్తి కూడా రాసి ఉంది. ఏప్రిల్‌లో నొవిస్సీ అనే పథకం మొదలుపెట్టారు. మామూలు ఫోన్ నుంచి ఒక నంబరు కొట్టి, ఓటరు కార్డు వివరాలు ఇస్తే చాలు, వృత్తిని బట్టి అర్హత తేల్చి డబ్బు నేరుగా ఫోన్ ఖాతాలో వేసేవారు. నెలకు మగవాళ్లకు 10,500 సీఎఫ్ఏ ఫ్రాంకులు, ఆడవాళ్లకు 12,250. ఇంటి ఖర్చు మోసేది ఆడవాళ్లేనన్న ఆలోచనతో ఆ తేడా పెట్టారు. పల్లెలకు విస్తరించినప్పుడు ఉపగ్రహ చిత్రాలు, ఫోన్ వాడకపు వివరాలు చూసి పేద ప్రాంతాలను, పేద కుటుంబాలను గుర్తించారు. ఈ పద్ధతికీ పరిమితి ఉంది. ఫోనే లేని మనిషి ఆ లెక్కలో ఎక్కడా కనపడడు. అతి పేదవాళ్లలో అలాంటివాళ్లే ఎక్కువ.

ఖజానాకు చిల్లు ఎక్కడ

సంపన్న దేశాల కూటమి ఓఈసీడీలో పన్నుల రాబడి సగటున జీడీపీలో సుమారు 34 శాతం. చాలా పేద దేశాల్లో అది 15 శాతం కూడా దాటదు. జనం పన్ను ఎగ్గొట్టడం మాత్రమే దీనికి కారణం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో పనిచేస్తున్న వాళ్లలో 61 శాతం, అంటే 200 కోట్ల మంది అసంఘటిత రంగంలో ఉన్నారు. జీతపు చీటీ, ఖాతా పుస్తకం, రసీదు లేని చోట ఆదాయపు పన్ను వసూలు చేయడం కష్టం. దాంతో దిగుమతి సుంకాల మీద, అమ్మకపు పన్ను మీద ఆధారపడతారు, ఆ భారం పేదవాడి బుట్ట మీదా పడుతుంది. పెద్ద భూములకు, పెద్ద ఇళ్లకు పన్ను వేయాలంటే ఆ ఆస్తుల రికార్డులుండాలి, వాటి యజమానులకు ఎదురు నిలిచే ధైర్యమూ ఉండాలి. రువాండా 2009 నుంచి కొన్నేళ్లలోనే కోటికి పైగా భూ కమతాలను కొలిచి నమోదు చేసింది. భార్యల పేర్లూ చేర్చింది. దాని పక్కన పెడితే, ఎక్కువ దేశాల్లో ఆస్తి పన్ను అంటే నామమాత్రమే.

రాబడి చాలకపోతే అప్పు. అప్పు తప్పు కాదు, రోడ్లూ డ్యాములూ అప్పుతోనే కడతారు. తంటా ఎక్కడంటే, పేద దేశం విదేశాల నుంచి తన సొంత కరెన్సీలో అప్పు తెచ్చుకోవడం చాలా అరుదు. జాంబియా 2012లో తొలిసారి అంతర్జాతీయ మార్కెట్లో 75 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది. ఆ దేశపు కరెన్సీ క్వాచా. అప్పుడు డాలరుకు ఇప్పటి క్వాచా లెక్కలో సుమారు 5. 2020 చివరికి 20 దాటింది. పన్ను వచ్చేది క్వాచాల్లో, బాకీ తీర్చాల్సింది డాలర్లలో. కొత్తగా ఒక్క డాలరు అప్పు చేయకపోయినా దేశ ప్రజల లెక్కలో ఆ బాకీ నాలుగింతలైంది. 2020 నవంబరులో 4 కోట్ల 25 లక్షల డాలర్ల వడ్డీ వాయిదా కట్టలేక జాంబియా చేతులెత్తేసింది.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. అప్పిచ్చినవాళ్లలో చైనా ఉంది, పాత పాశ్చాత్య రుణదాతలున్నారు, ప్రపంచ బ్యాంకు ఉంది, బాండ్లు కొన్న ప్రైవేటు ఫండ్లు ఉన్నాయి. మీరు ముందు వదులుకోండంటే మీరు ముందని ఎవరికి వారు కూర్చున్నారు. ప్రభుత్వ రుణదాతలతో ఒప్పందం కుదరడానికి 2023 జూన్ దాకా, బాండ్ల వాళ్లతో పని పూర్తికావడానికి 2024 జూన్ దాకా పట్టింది. మూడున్నరేళ్లు. ఆ కాలంలో పెద్ద పని ఏది తలపెట్టాలన్నా దేశం చేయి కట్టేసినట్టే. ఒక కంపెనీ దివాలా తీస్తే కోర్టు ఉంది, చట్టం ఉంది, గడువులున్నాయి. దేశం దివాలా తీస్తే అలాంటి కోర్టే లేదు. ఇంత పెద్ద లోటును ఇన్ని దశాబ్దాలు వదిలేయడం అన్యాయం. విద్య మీదకన్నా లేదా ఆరోగ్యం మీదకన్నా వడ్డీల మీద ఎక్కువ ఖర్చు పెడుతున్న దేశాల్లో 330 కోట్ల మంది ఉన్నారని ఐక్యరాజ్యసమితి 2023లో లెక్క కట్టింది. టీచరు కొలువు ఖాళీగా ఉండటానికీ ఈ వడ్డీకీ ఉన్న సంబంధం బడ్జెట్ పుస్తకంలో పక్కపక్క పేజీల్లోనే కనిపిస్తుంది.

సొంత తప్పులు లేవని కాదు. శ్రీలంక 2019 చివర్లో వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గించి రాబడికి పెద్ద గండి కొట్టుకుంది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి నిషేధించింది. సేంద్రియ సాగులోకి మారడం మంచి లక్ష్యమే కావచ్చు. దానికి భూమి సిద్ధం కావాలి, ప్రత్యామ్నాయ ఎరువు దొరకాలి, రైతుకు చెప్పేవాళ్లుండాలి, కొన్ని పంటకాలాలు పట్టాలి. ఏ ఏర్పాటూ లేకుండా ఒక్క సీజన్లో మారమన్నారు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది, నవంబరులో నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది. అప్పటికే విదేశీ మారకం అడుగంటింది. బియ్యం దిగుమతికి అందులోంచే ఖర్చు పెట్టాల్సి రావడం గోరుచుట్టు మీద రోకటిపోటు. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది.

ధర ముందా, సాయం ముందా

ఇంధన సబ్సిడీల సంగతి చూస్తే చేసే వరుస ఎంత ముఖ్యమో తెలుస్తుంది. పెట్రోలు మీద ఇచ్చే సబ్సిడీలో ఎక్కువ భాగం కార్లున్న వాళ్లకే పోతుంది, తీసేయడం సబబే. అయితే దాని ధర పెరిగితే బస్సు చార్జీ, కూరగాయల ధర కూడా పెరిగి పేదవాళ్లకు అదే రోజు తగులుతుంది. ఇరాన్ 2010 డిసెంబరులో ధరలు పెంచే ముందే పేరు నమోదు చేసుకున్న కుటుంబాలకు బ్యాంకు ఖాతా తెరిపించింది. మనిషికి ఇంత చొప్పున రెండు నెలల డబ్బు ముందే వేసి ఉంచింది. ధరలు పెరిగిన రోజునే ఆ డబ్బు తీసుకునే వీలు కల్పించింది. డబ్బు కంటికి కనిపిస్తోంది కాబట్టి జనం ఆ మార్పును తట్టుకున్నారు. తర్వాత ద్రవ్యోల్బణం, ఆంక్షలు కలిసి ఆ మొత్తం విలువను తినేశాయన్నది వేరే సంగతి. ఇండొనేషియా కూడా 2005లో ధరలు రెట్టింపు దాటించినప్పుడు కోటిన్నరకు పైగా పేద కుటుంబాలకు నగదు ఇచ్చింది.

నైజీరియాలో 2023 మే 29న కొత్త అధ్యక్షుడు ప్రమాణ స్వీకారం రోజునే సబ్సిడీ పోయిందని ప్రకటించారు. లీటరు 200 నైరాల లోపు ఉన్న ధర కొద్ది రోజుల్లోనే 500 దగ్గరికి ఎగబాకింది. పేదలకు నగదు ఇస్తామన్న ప్రకటన తర్వాత వచ్చింది, విమర్శలొస్తే ఆగింది, రూపు మారింది, ఆలస్యమైంది. లబ్ధిదారుల జాబితా మీదే తగువు. అక్కడా ఇక్కడా తీసుకున్న నిర్ణయం ఒకటే. జాబితా, ఖాతా ముందే ఉన్నాయా లేవా అన్నది తేడా.

కొలువులు

వ్యవసాయం నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి ఇంకా మంచి కొలువుకు ఎక్కడం అన్నది కొరియా, తైవాన్ల దారి. ఆ నిచ్చెన ఇప్పుడు పొట్టిదైపోతోంది. ఇవాళ్టి పేద దేశాలు చాలా తక్కువ ఆదాయ స్థాయిలోనే తయారీ రంగం వాటా తగ్గిపోవడం చూస్తున్నాయని ఆర్థికవేత్త డానీ రోడ్రిక్ గణాంకాలతో చూపించారు. యంత్రాలు మనుషుల పని తీసుకోవడం, చైనా పోటీ ఇందుకు కారణాలు. 1990 తర్వాత మధ్య ఆదాయం నుంచి అధిక ఆదాయానికి దాటినవి 34 మాత్రమేనని ప్రపంచ బ్యాంకు చెబుతోంది. వాటిలో మూడో వంతుకు పైగా యూరోపియన్ యూనియన్‌లో కలవడం వల్లనో, చమురు బయటపడటం వల్లనో దాటాయి.

బంగ్లాదేశ్ ఆ నిచ్చెన ఎక్కిన తీరు గమనించదగ్గది. 1979లో దేశ్ అనే కంపెనీ 130 మందిని కొరియాలోని దేవూ ఫ్యాక్టరీకి శిక్షణకు పంపింది. కత్తిరింపు, కుట్టు, నాణ్యత తనిఖీ, ఎగుమతి కాగితాలు అన్నీ అక్కడ నేర్చుకుని వచ్చారు. తర్వాతి ఏళ్లలో వాళ్లలో 115 మంది ఆ కంపెనీ వదిలి, సొంతంగా ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు లేదా వేరే వాటిలో చేరారు. కంపెనీకి నష్టం, దేశానికి పరిశ్రమ. ప్రభుత్వం పెద్ద ప్రణాళికేమీ వేయలేదు. ఎగుమతి కోసం తెచ్చుకునే బట్టకు సుంకం లేకుండా గోదాములు, ఆర్డరు చూపి ముడిసరుకు కొనే బ్యాంకు పత్రాలు, ఈ రెండు సౌకర్యాలు ఇచ్చింది. ఇవాళ ఆ దేశ ఎగుమతుల్లో దుస్తులదే 80 శాతానికి పైగా వాటా. లక్షలాది ఆడపిల్లలు మొదటిసారి తమ చేత్తో జీతం అందుకున్నది ఆ ఫ్యాక్టరీల్లోనే. 2013 ఏప్రిల్ 24న రానా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయిందీ ఆ రంగంలోనే. ముందురోజు గోడలు బీటలు వారాయి, అయినా పనికి రమ్మన్నారు. అనుమతి లేని అంతస్తులు వేస్తుంటే ఆపాల్సిన తనిఖీ వ్యవస్థ చేతగానిదై ఉంది. పరిశ్రమ పెరిగిన వేగంతో తనిఖీ చేసే చేతులు పెరగలేదు.

వాన, గాలి, వాయిదా

ఇప్పుడు వీటన్నింటి మీదా వాతావరణం వచ్చి పడుతోంది. 2022 వరదల్లో పాకిస్తాన్‌లో 3 కోట్ల 30 లక్షల మంది దెబ్బతిన్నారు. నష్టం 3,000 కోట్ల డాలర్లు దాటింది. భూమిని వేడెక్కించిన పొగలో ఆ దేశం వాటా నామమాత్రం. పునర్నిర్మాణానికి వచ్చే డబ్బులో ఎక్కువ భాగం మళ్లీ అప్పు రూపంలోనే వస్తోంది. కూలిన వంతెనకు తీసుకున్న పాత అప్పు తీరకముందే కొత్త వంతెనకు అప్పు.

ఈ ముడిని కొద్దిగానైనా సడలించే మార్గం ఒకటి చిన్న ద్వీపాల నుంచి వచ్చింది. గ్రెనడా 2015లో తన అప్పులను తిరగరాయించుకున్నప్పుడు బాండ్ల పత్రంలో ఒక షరతు పెట్టించింది. నిర్ణీత స్థాయిని మించిన తుపాను వస్తే కొంతకాలం వాయిదాలు కట్టనక్కర్లేదు. ఎవరినీ బతిమాలే పనిలేదు, ఏళ్ల తరబడి చర్చలూ ఉండవు. 2024 జులై 1న బెరిల్ తుపాను ఆ దేశంలోని కరియకౌ ద్వీపం మీద పడింది, అక్కడి ఇళ్లలో అత్యధిక భాగం దెబ్బతిన్నాయి. ఆగస్టులో గ్రెనడా ఆ షరతును వాడుకుంది. అప్పిచ్చినవాళ్ల ఖాతాలకు పోవాల్సిన డబ్బు ఇంటి కప్పుల కోసం దేశంలోనే ఉండిపోయింది. బార్బడోస్ కూడా తన అప్పు పత్రాల్లో అలాంటి షరతే పెట్టుకుని, ప్రపంచమంతా దాన్ని మామూలు నియమంగా మార్చాలని అడుగుతోంది. తుపాన్లు, వరదలు తప్పని మిగతా పేద దేశాలు ఇప్పటికే అమ్మిన బాండ్లలో చాలావాటికి ఆ వాక్యం లేదు.